బంగ్గాయ్ చేపతో తొమ్మిది నెలలు

మా నాన్నకు పీసీఆర్, అంటే డీఎన్‌ఏను నకళ్లు తీసి పట్టుకునే టెస్టు, కొత్త కాదు. నెల్లూరు జిల్లాలో రొయ్యల గుంటలు ఉన్నవాళ్లు ఎవరికీ కొత్త కాదు. హ్యాచరీ నుంచి సీడ్ (రొయ్య పిల్లలు) తెచ్చే ముందు తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో టెస్టు చేయించాల్సిందే. చెన్నైలో పీహెచ్‌డీలో చేరాక, ఒక చేప మైటోకాండ్రియల్ జీనోమ్ (కణాల్లోని మైటోకాండ్రియాకు విడిగా ఉండే డీఎన్‌ఏ) మొత్తం సీక్వెన్స్ చేయబోతున్నానని, అంటే అక్షరం అక్షరం చదవబోతున్నానని ఫోన్లో చెబితే ఆయన అడిగింది ఒకటే. "సీడు పొద్దున ఇస్తే సాయంత్రానికి రిపోర్టు చేతిలో పెడతారు కదమ్మా, నీకెంత టైమ్ పడుద్ది?"

మూడు నెలలు అన్నాను. 2023 జూన్‌లో మొదలుపెడితే 2024 మార్చికి పూర్తయింది. ఆ తేడా ఎక్కడెక్కడ వచ్చిందో, ఎంత ఖర్చయిందో, ఏది ముందే తెలిసి ఉంటే బాగుండేదో రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ఎవరూ ఇవి చెప్పరు. నాకూ చెప్పలేదు.

చేప పేరు బంగ్గాయ్ కార్డినల్. ఎనిమిది సెంటీమీటర్లు కూడా ఉండదు. వెండి రంగు ఒళ్లు, దాని మీద నిలువుగా నల్ల పట్టీలు, రెక్కల నిండా తెల్ల చుక్కలు. ఇండోనేషియాలో సులవేసికి తూర్పున ఉన్న బంగ్గాయ్ దీవుల దగ్గర, పగడపు దిబ్బల్లో, సముద్రపు గడ్డిలో ఉంటుంది. ఆపద వస్తే ముళ్ల బంతిలా ఉండే సీ అర్చిన్ల మధ్యకు దూరుతుంది. అందంగా ఉండటమే దానికి శాపమైంది. అక్వేరియాల కోసం లక్షల్లో పట్టారు. 2007లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించే ముప్పున్న జాతుల్లో చేర్చింది.

మా గైడ్ మేడమ్ ఈ చేపనే ఎంచుకోవడానికి కారణం వేరే ఉంది. చాలా సముద్రపు చేపల పిల్లలు నీళ్లలో కొట్టుకుపోయి ఎక్కడెక్కడో తేలతాయి. దీనికి ఆ దశే లేదు. మగ చేప గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, పొదిగాక కూడా కొన్నాళ్లు పిల్లల్ని నోట్లోనే ఉంచుకుంటుంది. బయటికి వచ్చిన పిల్లలు అక్కడే పెరుగుతాయి. అందుకే కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న గుంపుల మధ్య కూడా జన్యువుల్లో తేడాలు కనబడ్డాయి. అంటే షాపులో అమ్మే చేప ఏ దీవిదో దాని డీఎన్‌ఏ చూసి ఎప్పటికైనా చెప్పగలిగే అవకాశం ఉందన్నమాట. నన్ను కట్టిపడేసింది ఆ మాటే.

మొదటి ఆలస్యం కాగితాల దగ్గరే. బతికున్న చేప తోక రెక్కలో చిన్న ముక్క కత్తిరించాలన్నా సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి కావాలి. జూన్ 12న దరఖాస్తు పెట్టాను. కమిటీ నెలనెలా కూర్చోదు. జులై 28న కూర్చుంది. ఎన్ని చేపలు, ఎంత ముక్క, మత్తు ఏది, కోసిన తర్వాత చేపను ఏం చేస్తారు అని అడిగారు. చంపను, ట్యాంకులోనే పెంచుతాను అని రాసిచ్చాను. ఐదు చేపలకు అనుమతి వచ్చింది.

ఆగస్టు 26, శనివారం, కొళత్తూరు వెళ్లాను. చెన్నైలో రంగు చేపల వ్యాపారమంతా అక్కడే. వీధి పొడవునా షాపులు, నీళ్లూ గాలీ నింపిన ప్లాస్టిక్ కవర్లు. నాలుగు షాపులు తిరిగితే ఒకదాంట్లో దొరికాయి. ఒక్కోటి 1,800 రూపాయలు. "అణ్ణా, ఇవి పట్టినవా, పెంచినవా?" అని నాకొచ్చిన తమిళంలో అడిగాను. ముందు ఇంపోర్ట్ అన్నాడు. కాసేపాగి బ్రీడింగే అన్నాడు. ఏ దేశం నుంచి అని అడిగితే బాక్సులో వచ్చాయి అన్నాడు. బిల్లు అడిగితే చిన్న నోట్‌బుక్ లోంచి గీతల కాగితం చింపి, "బంగై 5 – 9,000" అని నీలం బాల్‌పెన్నుతో రాసి, కింద గీత గీసి ఇచ్చాడు. కాగితం ఒక మూల తడిసి ఉంది. జీఎస్టీ నంబర్ లేదు, షాపు పేరు కూడా లేదు. ఆ రోజు దాన్ని పర్సులో పెట్టేసుకున్నాను గానీ, తర్వాత అది రెండుసార్లు నన్ను ఏడిపించింది.

మొదటిది డబ్బు. స్టాంపు ఉన్న బిల్లు లేకపోతే డబ్బు తిరిగి ఇవ్వమని అకౌంట్స్ విభాగం చెప్పేసింది. 9,000 రూపాయలు నా ఫెలోషిప్‌లోంచే పోయాయి. చేపలు కొనబోతే ముందే ఫోన్ చేసి, సరైన బిల్లు ఇచ్చే షాపు చూసుకోండి. ఐదు వందలు ఎక్కువైనా పర్వాలేదు.

ట్యాంకు, ఫిల్టర్, సముద్రపు ఉప్పు బస్తా అన్నీ కలిపి మరో 11,400. సెలినిటీ (నీళ్లలో ఉప్పు) చూడటం, అమ్మోనియా చూడటం నాకు చిన్నప్పటి నుంచీ ఇంట్లో అలవాటైన పనే కాబట్టి ఆ భాగం ఇబ్బంది పెట్టలేదు. కానీ ఈ చేపల్లో వ్యాపారం ద్వారా తిరిగే ఒక ఇరిడోవైరస్ ఉంది. అది తగిలితే తిండి మానేస్తాయి, మూలకు చేరతాయి, చస్తాయి. అందుకని మూడు వారాలు విడిగా ఉంచి చూడాలనుకున్నాం.

సెప్టెంబర్ 9 రాత్రి ఒక చేప చచ్చిపోయింది. మర్నాడు ఆదివారం, నేను పదింటికి ల్యాబ్‌కి వెళ్లేసరికి అడుగున పడి ఉంది. వెంటనే ఇథనాల్‌లో వేశాను కానీ అప్పటికే 28 డిగ్రీల నీళ్లలో రాత్రంతా నానింది. దాని కండ నుంచి తీసిన డీఎన్‌ఏను ముక్కల్ని పొడవును బట్టి వేరుచేసే జెల్ మీద నడిపితే గీత రాలేదు, పైనుంచి కిందదాకా పొగలా పరుచుకుంది. ముక్కలు ముక్కలైపోయిందని దానర్థం. నా చేతిలో పోయిన చేప కనీసం పనికైనా వస్తుందనుకున్నాను. అదీ లేదు.

వినాయక చవితి అయిన రెండో రోజు, సెప్టెంబర్ 20న, మొదటి రెక్క ముక్క తీశాను. బకెట్లో లవంగ నూనె కలిపిన నీళ్లు, తడి స్పాంజి, మంటలో చూపిన కత్తెర. చేప పక్కకు ఒరిగాక తీసి, తోక చివర కత్తిరించి, మళ్లీ మత్తు లేని ఉప్పు నీళ్లలో వదిలే వరకు ముప్పై సెకన్లు. చేతులు వణకకుండా ఉండటానికి ముందురోజు కాగితం మీద కత్తిరించి ప్రాక్టీస్ చేశాను. చేప లేచి ఈదేదాకా ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను.

అయితే భయంతో మరీ చిన్న ముక్క తీశాను, రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. రాత్రంతా 56 డిగ్రీల దగ్గర ఎంజైములో కరిగించి, మర్నాడు కిట్‌తో డీఎన్‌ఏ తీస్తే మైక్రోలీటరుకు 4 నానోగ్రాములే వచ్చింది. స్వచ్ఛత చూసే నిష్పత్తి 1.8 దగ్గర ఉండాలి, నాకు 1.4 వచ్చింది. సీక్వెన్సింగ్ కంపెనీ దీన్ని తీసుకోదు. రెక్క మళ్లీ పెరిగేదాకా ఆగాల్సిందే. నాలుగు వారాలు రోజూ ట్యాంకు ముందు కూర్చుని ఆ తోకనే చూసేదాన్ని. పోయిన అంచు ముందు గాజులా పారదర్శకంగా వచ్చింది, తర్వాత నలుపు పట్టింది, చివరికి తెల్ల చుక్క తేలింది.

అక్టోబర్ 18న అదే చేప నుంచి రెండోసారి, ఈసారి కందిపప్పు బద్దంత ముక్క. 40 మైక్రోలీటర్లలో మైక్రోలీటరుకు 38 నానోగ్రాములు. జెల్ మీద లాడర్‌లో (కొలత కోసం పక్కన నడిపే గీతల్లో) అన్నిటికన్నా పై గీతకు కూడా పైన ఒకే ఒక్క గీత, అంటే బ్యాండ్, ట్యూబ్‌లైటులా. ఆ ఫొటో నాన్నకు వాట్సాప్‌లో పంపాను. "బ్యాండ్ వచ్చింది, అంటే పాజిటివా?" అని కంగారుగా ఫోన్ చేశారు. రొయ్య సీడులో బ్యాండ్ కనబడితే వైరస్ ఉన్నట్టు. మా ఇంట్లో బ్యాండ్ అంటే చెడ్డ వార్తే. ఇక్కడ బ్యాండ్ రావడమే మంచిదని చెప్పి నమ్మించడానికి పది నిమిషాలు పట్టింది.

సరిగ్గా ఆరు రోజులకు, దసరా నాడు, ఆ చేప తిండి మానేసింది.

అది వైరస్ అనే అనుకున్నాను. కత్తెర నుంచి ఇన్‌ఫెక్షన్ పాకిందేమో, రెండోసారి తీయకుండా ఉండాల్సిందేమో అని ఆ మూడు రోజులు నిద్ర లేదు. ఆర్టీమియా (చేపలకు వేసే బుల్లి రొయ్యల్లాంటి మేత) వేస్తే మిగతావి ఎగబడి తింటున్నాయి, ఇది నోరు గట్టిగా మూసుకుని మూలన నిలబడి ఉంది. నాలుగో రోజు పొద్దున టార్చ్ వేసి పక్క నుంచి చూశాను. దవడ కింద సంచిలా ఉబ్బి ఉంది. ఒక్క క్షణం నోరు కొద్దిగా తెరిచి మూసింది. లోపల నారింజ రంగు గుడ్లు, ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ, నోటి నిండా. మేడమ్‌ని క్లాసు మధ్యలోంచి పిలిచాను. ఆవిడా అలాగే వంగి టార్చ్ వేసి చూశారు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

పైకి చూస్తే ఆడ మగ తేడా తెలియని చేప ఇది. నేను కత్తిరించింది మగదని ఆ రోజే తెలిసింది.

నవంబర్ 2న డీఎన్‌ఏ ట్యూబు ఐస్ ప్యాకుల మధ్య పెట్టి కొరియర్ చేశాను, 640 రూపాయలు. సీక్వెన్సింగ్ ధర 22,000 అన్నారు. దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటుందని నేను లెక్కలో వేసుకోలేదు, మొత్తం 25,960 అయింది. కొటేషన్ తీసుకునేటప్పుడే పన్నుతో కలిపి అడగండి. నాలుగు వారాల్లో డేటా ఇస్తామన్నారు. మూడు వారాలు ఏ కబురూ లేదు. నేనే ఫోన్ చేస్తే, లైబ్రరీ తయారీ (డీఎన్‌ఏను మెషిన్ చదవడానికి సిద్ధం చేయడం) మొదటిసారి ఫెయిలైంది, ఇంకొంచెం శాంపిల్ పంపండి అన్నారు. డబ్బు మళ్లీ అడగలేదు గానీ ఇంకో 640 కొరియర్‌కు పోయింది, కాలం పోయింది. వచ్చిన డీఎన్‌ఏలో సగమే పంపి సగం మన దగ్గర ఉంచుకోవాలని సీనియర్ ఒకామె చెప్పబట్టి సరిపోయింది. అంతా పంపేసి ఉంటే అప్పుడే గుడ్లు, పిల్లలు మోసి నీరసించి ఉన్న చేపను మూడోసారి పట్టుకోవాల్సి వచ్చేది.

నవంబర్ 21న పిల్లలు బయటికి వచ్చాయి. 34 లెక్కపెట్టాను. ఒక్కోటి అచ్చం పెద్ద చేపలాగే, పట్టీలతో సహా, బియ్యపు గింజంత. నెల రోజులు ఆ తండ్రి ఏమీ తినలేదు, వీపు సన్నబడిపోయింది. పిల్లలు దాక్కోవడానికి సీ అర్చిన్ కావాలి, మా దగ్గర లేదు. నల్ల జిప్ టైలు బంతికి గుచ్చి పెడితే వాటిని ముళ్లనుకుని మధ్యలోకి దూరతాయని అక్వేరియం పెంచేవాళ్లు చేసే చిట్కా ఒకటి ఉంది. పెట్టాను. ఐదు నిమిషాల్లో అన్నీ అందులోకి చేరాయి. వాటికి రోజుకు మూడుసార్లు అప్పుడే పొదిగిన ఆర్టీమియా కావాలి. నాన్న తెలిసిన హ్యాచరీలో అడిగి, చిన్న ప్యాకెట్ బస్సు పార్సిల్లో పంపించారు.

రెండు వారాలు తిరగకుండానే మిచౌంగ్ తుపాను.

డిసెంబర్ 3 రాత్రి నుంచి చెన్నైలో కురిసిన వాన గురించి అక్కడ ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. 4న మా క్యాంపస్‌లో కరెంటు పోయింది. ల్యాబ్ రెండో అంతస్తు కాబట్టి నీళ్లు రాలేదు గానీ, ట్యాంకుకు గాలి ఆగిపోయింది. బ్యాటరీ ఏరియేటర్లు రెండున్నాయి. ఒకటి పిల్లల ట్యాంకుకు, ఒకటి పెద్దవాటికి పెట్టాం. 5వ తేదీ మధ్యాహ్నానికి బ్యాటరీలు అయిపోయాయి, షాపులు లేవు. నేనూ ఇంకో ఇద్దరు హాస్టల్ అమ్మాయిలూ వంతులు వేసుకుని, చెంబుతో నీళ్లు ఎత్తి పైనుంచి సన్నటి ధారగా పోస్తూ కూర్చున్నాం. అరగంట పోయడం, అరగంట ఆగడం. అదే రోజు తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇంటికి ఫోన్ కలవలేదు. అక్కడ నాన్న కూడా గుంటల గట్ల మీద ఉంటారని తెలుసు. చెంబు ఎత్తిన ప్రతిసారీ అదే ఆలోచన.

6న సాయంత్రం కరెంటు వచ్చింది. 34 పిల్లల్లో 19 మిగిలాయి, పెద్దవి నాలుగూ బతికాయి. ఫ్రీజర్‌లోని ఎంజైములు పాడయ్యాయి. దాచిన డీఎన్‌ఏకు మాత్రం ఏమీ కాలేదు. బఫర్‌లో ఉన్న డీఎన్‌ఏ మూడు రోజులు మామూలు వేడికి పాడవదని నాకు అప్పటిదాకా తెలియదు, దానికోసం అనవసరంగా టెన్షన్ పడ్డాను. 7న నాన్న ఫోన్ కలిసింది. ఒక గుంట గట్టు తెగింది. "నీ చేపలెట్లున్నయమ్మా?" అని ముందు ఆయనే అడిగారు.

2024 జనవరి 8న డేటా లింకు వచ్చింది. చెప్పిన నాలుగు వారాలు తొమ్మిదిన్నర అయ్యాయి. నా ల్యాప్‌టాప్‌లో ముక్కలుగా చదివిన డీఎన్‌ఏను (రీడ్లను) అతికే అసెంబ్లీ నడిపితే బిగుసుకుపోయింది, డిపార్ట్‌మెంట్ సర్వర్‌లో అకౌంట్ దొరకడానికి ఆరు రోజులు. అక్కడ నడపడానికి పట్టింది మాత్రం నలభై నిమిషాలు. ఈ పనిలో అసలు పనికి పట్టే కాలం ఎప్పుడూ ఇంతే, దాని ముందు వరుసలో నిలబడే కాలమే నెలలు.

మైటోకాండ్రియల్ జీనోమ్ గుండ్రటి దండలాంటిది. చేపల్లో సుమారు పదహారున్నర వేల అక్షరాలు, 37 జన్యువులు. నాకు దండ కట్టుకోలేదు. జన్యువులు లేని డి-లూప్ అనే భాగం దగ్గర తెగిపోయింది. అక్కడ ఏ, టీ అక్షరాలు ఎక్కువ, చిన్న చిన్న రీడ్లతో అతకడం కష్టం. రెండు పక్కలా ప్రైమర్లు (పీసీఆర్ మొదలయ్యే చోట అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) రాసి, ఆర్డర్ చేసి, పీసీఆర్ చేసి, ఆ ఒక్క ముక్కను పాత సాంగర్ పద్ధతిలో చదివించాను. 2,300 రూపాయలు, పదిహేడు రోజులు. ఫిబ్రవరి 7న రెండు కొసలూ అక్షరం తేడా లేకుండా కలిశాయి. కేవలం సాఫ్ట్‌వేర్ "గుండ్రంగా ఉంది" అని రాస్తే నమ్మకండి, రీడ్లను తిరిగి దాని మీద పరిచి ఆ అతుకు దగ్గర కళ్లతో చూడండి.

ఆ తర్వాత రెండు రోజులు నరకం చూశాను. సీఓ1 అనే మైటోకాండ్రియా జన్యువును ప్రోటీన్‌లోకి మార్చి చూస్తే మధ్య మధ్యలో ప్రోటీన్ ఇక్కడ ఆగాలనే స్టాప్ గుర్తులు, ఒకటి కాదు, చాలా. ఇది మైటోకాండ్రియాది కాదు, న్యూక్లియస్‌లోకి దూరిన పాత నకలు అయ్యుంటుంది, నా ఎనిమిది నెలలూ పోయాయి అనుకున్నాను. మూడో రోజు మేడమ్ స్క్రీన్ చూసి, "కోడ్ టేబుల్ ఏది పెట్టావు?" అన్నారు. మూడేసి అక్షరాలకు ఏ అమైనో ఆమ్లమో చెప్పే పట్టిక అది. నేను మామూలు టేబుల్ పెట్టాను. వెన్నెముక ఉన్న జీవుల మైటోకాండ్రియాకు రెండో నంబర్ టేబుల్ పెట్టాలి. అందులో టీజీఏ అంటే ఆగు అని కాదు, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం అని. ఒక్క నంబర్ మార్చగానే స్టాపులన్నీ మాయమయ్యాయి. సీఓ1 ఏటీజీతో కాకుండా జీటీజీతో మొదలవుతుంది, కొన్ని జన్యువులు టీ అనే ఒక్క అక్షరంతో అర్ధాంతరంగా ఆగినట్టుంటాయి, మిగతా రెండు 'ఏ' అక్షరాలు తర్వాత కలుస్తాయి. ఇవి తప్పులు కావు. చేపల్లో ఇవి మామూలే, కాకపోతే సీక్వెన్సులు దాచే అంతర్జాతీయ డేటాబేస్ జెన్‌బ్యాంక్‌కు పంపేటప్పుడు ప్రతిదానికీ నోట్ రాయాలి.

ఫిబ్రవరి 26న జెన్‌బ్యాంక్ ఫారం నింపడానికి కూర్చున్నాను. అన్నీ వరసగా నిండుతున్నాయి. జాతి పేరు, కణజాలం, తేదీ. తర్వాత ఒక గడి: ఏ దేశం, ఏ ప్రాంతం.

పర్సు లోంచి ఆ గీతల కాగితం తీశాను. "బంగై 5 – 9,000." ఈ చేప ఎక్కడిదో చెప్పడానికి ప్రపంచంలో నా దగ్గరున్న ఆధారం అదొక్కటే. మొత్తం జీనోమ్ చేతిలో ఉంది, ప్రతి అక్షరం వందలసార్లు చదివాను, కానీ ఆ గడిలో రాయడానికి దీవి పేరు లేదు. ఇండోనేషియా అని రాస్తే ఎవరూ అడగరు. రేపు ఎవరైనా అది నిజమనుకుని పోల్చుకుంటే అబద్ధం ఆధారంగా లెక్కలు వేస్తారు. షాపుకు ఫోన్ చేశాను. గుర్తుపట్టాడు పాపం. "చాలా చోట్ల నుంచి వస్తాయమ్మా, అన్నీ ఒకే ట్యాంకులో పోస్తాం, ఏది ఎక్కడిదో ఎవరు రాస్తారు?" అన్నాడు. అతని తప్పేం లేదు, అతనికి ఇచ్చినవాళ్లూ రాయలేదు. చివరికి ఇండియా, చెన్నై అని రాసి, అక్వేరియం వ్యాపారం నుంచి కొన్నది, అసలు పుట్టుక తెలియదు అని నోట్ పెట్టాను. మార్చి 1న ఆ సీక్వెన్స్‌కు నంబర్ వచ్చింది. ఆ మెయిల్ చదివి ఏడ్చాను, సంతోషంతో అని చెప్పుకున్నాను గానీ అందులో సగం ఆ గడి గురించే.

కొనే రోజునే పట్టుపట్టి అడగాల్సింది. షాపువాణ్ని, అతనికి తెచ్చిచ్చినవాణ్ని, బాక్సు మీద అంటించిన కాగితాన్ని. మీరు చేపల మీద పని చేయబోతుంటే డీఎన్‌ఏ కిట్ కన్నా ముందు దీనికి టైమ్ పెట్టండి.

ఖర్చు మొత్తం 49,940 రూపాయలు, ల్యాబ్‌లో ముందే ఉన్న కిట్, రసాయనాలు కాకుండా.

ఇది రాసేనాటికి ట్యాంకులో 23 చేపలున్నాయి. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది. నేను తొమ్మిది నెలలు చదివింది తండ్రిది. అంటే ఆ 19 పిల్లల్లో ఒక్కదానికీ ఆ దండ లేదు, వాటికున్నది తల్లిది. జత కట్టినప్పుడు ఆ మగదాని పక్కనే తిరిగిన చేప ఏదో మాకు తెలుసు, ఎడమ వైపు రెండో పట్టీ కొద్దిగా వంకరగా ఉంటుంది. దాని రెక్క ముక్క కోసం కొత్త దరఖాస్తు పెట్టాను, కమిటీ 2024 ఏప్రిల్‌లో కూర్చుంటుంది. పిల్లల ట్యాంకు అద్దం మీద చిన్న స్టిక్కర్ అంటించాను: పుట్టింది చెన్నై, 2023 నవంబర్ 21.